ఇంగ్లండ్‌లో ‘మా ఏరియా ప్లాన్ మేమే రాసుకుంటాం’.. గ్రాంట్ బంద్, ఇక కౌన్సిళ్లే దిక్కు! అక్కడి తెలుగువాళ్లకూ ఓటుంది.. తెలుసా?

ఇంటి పక్కన ఖాళీ స్థలంలో ఫ్లాట్లు రావాలా, పార్కు ఉండాలా? కొత్త ఇళ్లు ఊరికి ఏ వైపు కట్టాలి, ఎన్ని అంతస్తులు కట్టాలి? ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రశ్నలకు స్థానికులే జవాబు రాసుకుని, దానిపై ఓటింగ్ పెట్టించి, చట్టబద్ధం చేసుకోవచ్చు. దీన్నే నైబర్‌హుడ్ డెవలప్‌మెంట్ ప్లాన్ అంటారు. 2011 చట్టంతో వచ్చిన ఈ హక్కు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కానీ ఆ ప్లాన్ రాసుకోవడానికి జనానికి జాతీయ స్థాయిలో అందుతూ వచ్చిన గ్రాంటు, టెక్నికల్ సాయం ఇక ఉండవని 2025 జూన్‌లో ప్రభుత్వం చెప్పేసింది. ఇప్పుడు మిగిలిన ఆసరా స్థానిక కౌన్సిల్ ఒక్కటే. ఆ కౌన్సిళ్లలో కొన్ని ఇప్పటికే దివాలా అంచు దాకా వెళ్లొచ్చాయి.

యూకేలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు కూడా ఈ ప్లాన్లతో నేరుగా సంబంధం ఉంది. అదేంటో తర్వాత చూద్దాం. ముందు అసలు కథ.

ఏంటీ నైబర్‌హుడ్ ప్లాన్?

మన దగ్గర పట్టణం మాస్టర్ ప్లాన్ అంటే మున్సిపాలిటీయో, డెవలప్‌మెంట్ అథారిటీయో గీస్తుంది. ముసాయిదా వచ్చాక జనం అభ్యంతరాలు ఇస్తారు. ఆ తర్వాత ఏం జరిగిందో చాలామందికి తెలియదు. ఇంగ్లండ్‌లోనూ పెద్ద ప్లాన్ కౌన్సిలే గీస్తుంది. దాన్ని లోకల్ ప్లాన్ అంటారు. అయితే 2011 నవంబర్‌లో వచ్చిన లోకలిజం యాక్ట్ దాని కింద ఇంకో అంచె పెట్టింది. ఒక గ్రామం, ఒక చిన్న టౌన్, నగరంలో ఒక పేట.. ఎవరి ఏరియాకు వాళ్లు సొంత ప్లాన్ రాసుకోవచ్చు. 2012 ఏప్రిల్‌లో రూల్స్ అమల్లోకి వచ్చాయి. ఇదంతా ఒక్క ఇంగ్లండ్‌కే. స్కాట్లాండ్, వేల్స్‌లో పద్ధతులు వేరు.

తయారైన ప్లాన్‌కు ఉండే బలం మామూలుది కాదు. రిఫరెండంలో నెగ్గితే అది చట్టబద్ధమైన డెవలప్‌మెంట్ ప్లాన్‌లో భాగం అవుతుంది. ఆ ఏరియాలో బిల్డర్ ఎవరైనా ప్లానింగ్ పర్మిషన్‌కు వస్తే, కౌన్సిల్ ఆ ప్లాన్ ప్రకారమే నిర్ణయం తీసుకోవాలి. పక్కన పెట్టాలంటే గట్టి కారణం చూపించాలి.

హద్దులూ ఉన్నాయి. ‘మా ఊళ్లో ఒక్క ఇల్లు కూడా కట్టొద్దు’ అని రాసుకోవడం కుదరదు. కౌన్సిల్ లోకల్ ప్లాన్ చెప్పినదానికంటే ఎక్కువ ఇళ్లకు చోటు చూపించొచ్చు కానీ తగ్గించకూడదు. పైగా ఇది భూమి వాడకానికి సంబంధించిన ప్లాన్. రోడ్డు గుంతలు, బస్సు టైమింగులు, చెత్త బండి ఇందులోకి రావు. మొదటిసారి మీటింగ్‌కు వచ్చినవాళ్లు ఎక్కువగా మాట్లాడేది మాత్రం వాటి గురించే.

మొట్టమొదటి ప్లాన్ కంబ్రియా కొండల మధ్య ఉన్న అప్పర్ ఈడెన్‌ది. 2013 మార్చి 7న రిఫరెండం పెడితే ఓటేసినవాళ్లలో 90 శాతం ‘యస్’ అన్నారు. మూడో వంతు మంది ఓటర్లు పోలింగ్‌కు వచ్చారు. అప్పటి నుంచి వెయ్యికి పైగా ప్లాన్లు ఇలా ఓటుతో గట్టెక్కాయి. ఓడిపోయినవి చాలా అరుదు. డెర్బీషైర్‌లోని స్వానిక్‌లో 2016లో, చెషైర్‌లోని మిడిల్‌విచ్‌లో 2018లో జనం తమ ఊరి ప్లాన్‌నే వద్దన్నారు. ఓటు నామమాత్రం కాదని చెప్పడానికి ఈ రెండు చాలు.

కౌన్సిల్ ఏం చేయాలి? చట్టంలో ఉన్న మెలిక ఇదే

ప్లాన్ రాసేది జనం. అయితే మొదలు నుంచి చివరి దాకా ప్రతి గేటు దగ్గరా తాళం కౌన్సిల్ చేతిలోనే ఉంటుంది.

గ్రామాల్లో, చిన్న టౌన్లలో పారిష్ కౌన్సిల్ లేదా టౌన్ కౌన్సిల్ ప్లాన్ రాస్తుంది. ఇది మన గ్రామ పంచాయతీ లాంటిది అనుకోవచ్చు. పెద్ద నగరాల్లో చాలాచోట్ల పారిష్ కౌన్సిళ్లు లేవు. అక్కడ స్థానికులు కనీసం 21 మంది కలిసి నైబర్‌హుడ్ ఫోరం పెట్టుకోవాలి. ఆ ఫోరానికి గుర్తింపు ఇవ్వాల్సింది జిల్లా లేదా నగర కౌన్సిల్. గుర్తింపు ఐదేళ్లే ఉంటుంది. ‘ఇదీ మా ఏరియా’ అని గీసిన హద్దుకు ఆమోదం చెప్పేదీ కౌన్సిలే.

ఆ తర్వాత అడుగులు చాలానే ఉన్నాయి. ముసాయిదా రాశాక కనీసం ఆరు వారాలు జనం అభిప్రాయం తీసుకోవాలి. దాన్ని సరిచేసి కౌన్సిల్‌కు ఇస్తే, కౌన్సిల్ మరో ఆరు వారాలు పబ్లిక్‌లో పెడుతుంది. తర్వాత ఇండిపెండెంట్ ఎగ్జామినర్‌ను నియమిస్తుంది. ఎగ్జామినర్ ప్లాన్‌ను చదివి, జాతీయ విధానానికి, లోకల్ ప్లాన్‌లోని ముఖ్య అంశాలకు తగ్గట్టు ఉందా లేదా తేలుస్తారు. మార్పులు చెబుతారు. పాసైతే రిఫరెండం. ఓటేసినవాళ్లలో సగానికి మించి ‘యస్’ అంటే చాలు, ఇంత శాతం పోలింగ్ జరగాలన్న రూల్ లేదు. ఎగ్జామినర్ ఫీజు, రిఫరెండం ఖర్చు రెండూ కౌన్సిల్‌వే.

ఇక సాయం సంగతి. ప్లాన్ రాసుకునే వాళ్లకు కౌన్సిల్ సలహా, సహకారం ఇవ్వాలని చట్టం స్పష్టంగా చెప్పింది. ఎంత ఇవ్వాలి? కౌన్సిల్‌కు ‘తగినది’ అనిపించినంత! అదే చట్టంలో ఇంకో ముక్క కూడా ఉంది.. ఈ సాయం అంటే డబ్బు ఇవ్వాలని అర్థం చేసుకోవద్దని. అంటే సాయం చేయడం డ్యూటీ, ఎంత చేయాలన్నది కౌన్సిల్ ఇష్టం, జేబులోంచి రూపాయి తీయాల్సిన పని లేదు. 2017లో ఇంకో చట్టం తెచ్చారు. నైబర్‌హుడ్ ప్లాన్లకు ఏ సాయం చేస్తామో ప్రతి కౌన్సిల్ తన పాలసీ పత్రంలో రాసి పెట్టాలి. 2018 నుంచి ఇది తప్పనిసరి. రాసి పెట్టడం తప్పనిసరి అయింది, కానీ కనీసం ఇంత సాయం చేయాలన్న కొలత మాత్రం అందులోనూ లేదు.

కొలత లేనప్పుడు ఏమవుతుంది? ఒక కౌన్సిల్‌లో ఈ పని మీదే ఒక ఆఫీసర్ ఉంటారు, ఫోన్ చేస్తే ఎత్తుతారు, మీటింగ్‌కు వస్తారు. పక్క కౌన్సిల్‌లో వెబ్‌సైట్ లింక్ పంపించి ఊరుకుంటారు. చట్టం దృష్టిలో ఇద్దరూ డ్యూటీ చేసినట్టే.

మంచి ఆఫీసర్ దొరికితే ఏం మారుతుంది?

సాయం అనగానే పెద్ద మాటలు గుర్తొస్తాయి కానీ, నిజంగా పనికొచ్చేవి చిన్న చిన్న విషయాలే. మొదటిది మ్యాప్. ఏరియా హద్దు, వరద ముంపు జోన్లు, పాత కట్టడాలున్న కన్జర్వేషన్ ఏరియాలు.. ఇవన్నీ ఒకే మ్యాప్ మీద కావాలంటే కౌన్సిల్ దగ్గరున్న సాఫ్ట్‌వేర్, డేటా కావాలి. బయట చేయిస్తే ఖర్చు. రెండోది లెక్కలు. ఎంతమంది ఇళ్ల కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్నారు, గత కొన్నేళ్లలో ఎన్ని ఇళ్లకు పర్మిషన్ ఇచ్చారు అన్నది కౌన్సిల్ ఫైళ్లలోనే ఉంటుంది.

మూడోది రాత. స్థానికులు ‘మా ఊరి అందం కాపాడాలి’ అని రాస్తారు. వినడానికి బాగుంటుంది. బిల్డర్ లాయర్ ముందు నిలబడదు. ఆ చోట ‘ఈ వీధిలో కొత్త కట్టడం పక్కనున్న ఇళ్ల ఎత్తు దాటకూడదు’ అని రాస్తే, దాన్ని పట్టుకుని కౌన్సిల్ ఒక అప్లికేషన్‌ను తిరస్కరించగలదు. ఈ తేడా తెలిసినవాళ్లు రోజూ పర్మిషన్ ఫైళ్లు చూసే ప్లానింగ్ ఆఫీసర్లే. ముసాయిదా దశలోనే ఒకరు కూర్చుని లైన్ లైన్ చూస్తే, ఎగ్జామినర్ దగ్గర సగం పాలసీలు ఎగిరిపోయే పరిస్థితి రాదు. చాలా ఏరియాల్లో గొడవ మొదలయ్యేది ఇక్కడే. మూడు నాలుగేళ్లు సాయంత్రాలన్నీ మీటింగులకు పెట్టిన వాలంటీర్లకు, చివర్లో ‘ఇది తీసేయండి, అది మార్చండి’ అన్న రిపోర్టు వస్తే ఎలా ఉంటుంది? ఆ మాటేదో మొదటి ఏడాదిలోనే కౌన్సిల్ చెప్పి ఉంటే సరిపోయేది కదా అన్నది వాళ్ల బాధ. న్యాయమైన బాధే.

నాలుగోది పర్యావరణ పరిశీలన. ప్లాన్ వల్ల రక్షిత అడవులు, నదుల మీద ప్రభావం ఉంటుందా అన్న స్క్రీనింగ్ చాలాచోట్ల కౌన్సిలే చేసి పెడుతుంది. ఇది తప్పితే కోర్టులో మొత్తం ప్లానే పడిపోయే ప్రమాదం ఉంది.

బాగా చేసిన చోట్లు ఉన్నాయి. హెర్‌ఫర్డ్‌షైర్ చాలావరకు పల్లెల జిల్లా. అక్కడ 100కి పైగా ఏరియాలు నైబర్‌హుడ్ ప్లాన్ బాట పట్టాయి. ఏ దశలో ఏం చేయాలో కౌన్సిల్ విడివిడిగా గైడెన్స్ నోట్స్ రాసి పెట్టింది. ఒక ఊరికి చెప్పిందే ఇంకో ఊరికి మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిన పని తప్పింది. నగరాల్లో లీడ్స్‌ను చెప్పుకోవాలి. అక్కడ పాత ఫ్యాక్టరీల పేట హోల్‌బెక్. పేదరికం ఎక్కువ. అలాంటి చోట కూడా ఫోరం ప్లాన్ పూర్తి చేసి 2018లో అమల్లోకి తెచ్చుకుంది. బర్మింగ్‌హామ్‌లో దక్షిణాసియా కుటుంబాలు ఎక్కువగా ఉండే బాల్సాల్ హీత్ కూడా 2015 అక్టోబర్‌లో భారీ మెజారిటీతో తన ప్లాన్ గెలిపించుకుంది. నగరంలో అదే మొదటిది.

సెయింట్ ఐవ్స్ కథ.. ఊరి ప్లాన్‌కు కోర్టులో నిలబడింది కౌన్సిలే

కౌన్సిల్ అండ ఎంత లోతుగా అవసరమో తెలియాలంటే కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ చూడాలి. సముద్రం ఒడ్డున టూరిస్టు టౌన్. బయటి నుంచి వచ్చిన డబ్బున్నవాళ్లు ఇక్కడ సెకండ్ హోమ్స్ కొనుక్కుంటారు. ఏడాదిలో కొన్ని వారాలే ఉంటారు. రేట్లు పెరిగి, అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు ఇల్లు కొనే స్థోమత లేకుండా పోయింది.

టౌన్ వాళ్లు తమ ప్లాన్‌లో ఒక పాలసీ పెట్టారు. మార్కెట్లో అమ్మే కొత్త ఇల్లు ఏదైనా, కొన్నవాళ్లకు అదే అసలు నివాసం అయి ఉండాలి. పాత ఇళ్లకు ఇది వర్తించదు, కొత్తవాటికే. 2016 మే 5న రిఫరెండం జరిగింది. 83 శాతం మంది ‘యస్’ అన్నారు. పోలింగ్ 40 శాతం దాటింది. స్థానిక విషయాలపై ఓటింగ్‌కు అక్కడ ఇది పెద్ద నంబరే.

ఇది నచ్చని ఒక సంస్థ కోర్టుకు వెళ్లింది. కేసు ఎవరి మీద? ప్లాన్ రాసిన టౌన్ కౌన్సిల్ మీద కాదు, దాన్ని రిఫరెండానికి పంపిన కార్న్‌వాల్ కౌన్సిల్ మీద. లాయర్లను పెట్టుకుని వాదించాల్సిన బాధ్యత దానిదే అయింది. 2016 నవంబర్‌లో హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. పాలసీ నిలబడింది.

కొత్త ఇళ్లకు కట్టడి పెడితే డిమాండ్ పాత ఇళ్ల వైపు మళ్లుతుంది కదా అన్న విమర్శ ఇప్పటికీ ఉంది. అందులో పస లేదని అనలేం. ఆ చర్చ ఎలా ఉన్నా, జనం ఓటేసిన ప్లాన్‌ను కాపాడటానికి కౌన్సిల్ వెనక్కి తగ్గి ఉంటే సెయింట్ ఐవ్స్ పాలసీ పేపర్ మీదే ఉండిపోయేది. సాయం లెక్కల్లో లాయర్ ఫీజు ఎవరూ రాయరు కానీ, అది కూడా సాయమే.

కౌన్సిల్ అడ్డం తిరిగితే?

అన్ని చోట్లా ఇలా జరగదు. కౌన్సిల్‌కు సొంత లెక్కలుంటాయి. తన లోకల్ ప్లాన్‌లో ఇన్ని వేల ఇళ్లు కట్టిస్తానని ప్రభుత్వానికి చూపించాలి. కొన్నిసార్లు ఆ స్థలాలు కౌన్సిల్‌వే అయి ఉంటాయి. జనానికి సాయం చేసే ఆఫీసు, జనం ప్లాన్ వల్ల ఇరుకున పడే ఆఫీసు రెండూ ఒకటే. ఇది ఈ వ్యవస్థలో మొదటి నుంచి ఉన్న చిక్కు.

డాస్ హిల్ కేసు దీనికి మంచి ఉదాహరణ. బకింగ్‌హామ్‌షైర్‌లో హై వికమ్ దగ్గర ఆ ఏరియా ఫోరం తన హద్దులో పాత ఎయిర్‌ఫోర్స్ బేస్ స్థలాన్ని, ఇంకో పెద్ద స్థలాన్ని కలుపుకుంది. భారీ డెవలప్‌మెంట్ రావాల్సిన చోట్లు అవే. వికమ్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఏం చేసింది? ఆ రెండింటినీ తీసేసి మిగతా ఏరియాకే గుర్తింపు ఇచ్చింది. ఫోరం కోర్టుకు వెళ్లింది. 2014లో అప్పీల్ కోర్టు కూడా కౌన్సిల్‌కే ఆ అధికారం ఉందని తేల్చింది. ప్లాన్ ఒక్క లైన్ రాయకముందే అసలు విషయం ప్లాన్ బయటికి వెళ్లిపోయింది! ఆ తర్వాత రూల్స్ కొంత మారాయి. పారిష్ కౌన్సిల్ తన మొత్తం పారిష్‌ను ఏరియాగా అడిగితే ఇప్పుడు దాదాపు ఆటోమేటిక్‌గా ఇవ్వాల్సిందే. నగరాల్లోని ఫోరాలకు మాత్రం ఆ భరోసా అంతగా లేదు.

గ్రాంట్ ఆగాక ఎవరికి దెబ్బ?

పదేళ్లకు పైగా ప్రభుత్వం జాతీయ స్థాయిలో ఒక సపోర్ట్ ప్రోగ్రామ్ నడిపింది. లొకాలిటీ అనే సంస్థ దాన్ని చూసుకునేది. ఒక్కో గ్రూపుకు 10,000 పౌండ్ల దాకా బేసిక్ గ్రాంట్. అంటే మన లెక్కలో దాదాపు 11, 12 లక్షలు. క్లిష్టమైన ఏరియా అయితే ఇంకో 8,000 పౌండ్ల దాకా అదనం. దీంతో పాటు డిజైన్ కోడ్, ఇళ్ల అవసరంపై రిపోర్టు, స్థలాల పరిశీలన లాంటి పనులు నిపుణులతో ఉచితంగా చేయించుకునే వీలుండేది. వాలంటీర్లకు డబ్బు కంటే ఇవే ఎక్కువ విలువైనవి.

కౌన్సిళ్లకు కూడా వేరే నిధి ఉండేది. ఎగ్జామినర్ దశ దాటి ప్లాన్ రిఫరెండానికి వెళ్తే కౌన్సిల్ 20,000 పౌండ్లు క్లెయిమ్ చేసుకునేది. ఫోరాలకు గుర్తింపు ఇచ్చే దశలో కొంత ఇచ్చేవారు. ఎగ్జామినర్, ఎన్నికల ఖర్చు ఎక్కువగా ఇందులోంచే వచ్చేది.

2025 జూన్‌లో ఖర్చుల సమీక్ష తర్వాత ప్రభుత్వం ప్రకటన చేసింది. గ్రూపులకు జాతీయ సపోర్ట్ సేవలను ఇక కొత్తగా ఏర్పాటు చేయబోమని చెప్పింది. దశాబ్దానికి పైగా సాయం అందించాం, ఇప్పుడు గ్రూపులు ప్రభుత్వ నిధి లేకుండానే ముందుకెళ్లగలవు.. ఇదీ ప్రభుత్వ వాదన. నైబర్‌హుడ్ ప్లాన్లను రద్దు చేయలేదని, ప్లాన్లకు ఉన్న బలం తగ్గదని కూడా చెప్పింది.

ఈ వాదన పల్లెల్లో కొంతవరకు నిజం కావచ్చు. పారిష్ కౌన్సిల్‌కు సొంత ఆదాయం ఉంది. కౌన్సిల్ ట్యాక్స్‌తో పాటు ప్రీసెప్ట్ అనే చిన్న మొత్తం వసూలు చేసుకుంటుంది. ఒక కన్సల్టెంట్‌ను పెట్టుకోవాలంటే ఆ డబ్బు వాడొచ్చు. రిటైరైన ఆర్కిటెక్టో, ఇంజినీరో ఊళ్లో ఉంటారు. నగరంలోని ఫోరానికి ఇవేవీ లేవు. పన్ను వేసే అధికారం లేదు, ఆఫీసు లేదు, జీతానికి మనిషి లేడు. 21 మంది సంతకాలు, ఒక వాట్సాప్ గ్రూపు.. అంతే.

ఇంకో తేడా కూడా ఉంది. కొత్త కట్టడాలపై కొన్ని కౌన్సిళ్లు సీఐఎల్ అనే ఛార్జీ వసూలు చేస్తాయి. నైబర్‌హుడ్ ప్లాన్ లేని పారిష్‌కు అందులో 15 శాతం వాటా, దానికీ పరిమితి ఉంటుంది. ప్లాన్ ఉంటే 25 శాతం, పరిమితి లేదు. ప్లాన్ రాసుకోమని జనాన్ని ప్రోత్సహించేది ఇదే. అయితే ఆ డబ్బు పారిష్ కౌన్సిల్ చేతికి వెళ్తుంది. పారిష్ లేని నగర ఏరియాలో మాత్రం కౌన్సిలే తన దగ్గర పెట్టుకుని, ఎలా ఖర్చు పెట్టాలో స్థానికులను అడుగుతుంది. ఫోరం సభ్యుల చేతికి నేరుగా పైసా రాదు.

పేద ఏరియాల్లో, నగరాల్లో ఈ ప్లాన్లు తక్కువగా వస్తున్నాయని అధ్యయనాలు మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాయి. గ్రాంట్ ఉన్నప్పుడే పరిస్థితి అది. గ్రాంట్ పోయాక హోల్‌బెక్, బాల్సాల్ హీత్ లాంటి పేటలు కొత్తగా మొదలుపెట్టాలంటే కౌన్సిల్ ఆఫీసర్ చేయి పట్టుకోవాల్సిందే. మరి కౌన్సిళ్ల పరిస్థితి? బడ్జెట్ లెక్క తేలక, తప్పనిసరి సేవలు తప్ప కొత్త ఖర్చులు ఆపేస్తున్నట్టు చెప్పే సెక్షన్ 114 నోటీసు 2021 జూలైలో స్లౌ ఇచ్చింది. 2023 జూన్‌లో వోకింగ్, సెప్టెంబర్‌లో బర్మింగ్‌హామ్, నవంబర్‌లో నాటింగ్‌హామ్ అదే బాట పట్టాయి. వృద్ధుల సంరక్షణ, పిల్లల రక్షణ కోసమే డబ్బు చాలని చోట, ఎంత చేయాలో చట్టమే చెప్పని ఒక సాయానికి ఎంత మిగులుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇళ్ల టార్గెట్ల మధ్య ప్లాన్ ఎందుకంత ముఖ్యం?

ఇంకోవైపు ప్రభుత్వం ఈ పార్లమెంటు కాలంలో 15 లక్షల ఇళ్లు కట్టిస్తానని మాట ఇచ్చింది. 2024 డిసెంబర్‌లో ప్లానింగ్ విధానం మార్చి, కౌన్సిళ్ల మీద ఇళ్ల టార్గెట్లను మళ్లీ తప్పనిసరి చేసింది. టార్గెట్‌కు సరిపడా స్థలాలు చూపించలేని కౌన్సిల్ ఏరియాలో బిల్డర్ల మాట చెల్లుబాటు అయ్యే అవకాశం పెరుగుతుంది. ఊరివాళ్లు వద్దన్న చోట కూడా పర్మిషన్ రావొచ్చు.

అక్కడే నైబర్‌హుడ్ ప్లాన్ గొడుగు లాంటిది. ప్లాన్ వయసు ఐదేళ్ల లోపు ఉండి, తన వాటా ఇళ్లకు అది స్థలాలు కూడా చూపించి ఉంటే, దానికి విరుద్ధంగా వచ్చే అప్లికేషన్‌ను తిరస్కరించడానికి జాతీయ విధానంలోనే బలం ఉంది. ఆ ‘వాటా’ ఎంతో చెప్పాల్సింది కౌన్సిల్. లోకల్ ప్లాన్‌లో లెక్క లేకపోతే, గ్రూపు అడిగినప్పుడు అంచనా నంబర్ ఇవ్వాలి. ఆ ఒక్క నంబర్ ఆలస్యమైతే ప్లాన్ మొత్తం ఆగుతుంది. ఈలోగా బిల్డర్ అప్లికేషన్ వేసేస్తాడు. ఐదేళ్ల గడువు దాటిన పాత ప్లాన్లను అప్‌డేట్ చేసుకోవడానికీ ఇదే తిప్పలు, ఇదే ఖర్చు. గ్రాంట్ మాత్రం లేదు.

తెలుగువాళ్లకు ఏంటి సంబంధం?

స్లౌ, రీడింగ్, మిల్టన్ కీన్స్, లండన్‌లోని ఈస్ట్ హామ్.. తెలుగు కుటుంబాలు, స్టూడెంట్లు ఉండే చోట్లే ఇవన్నీ. బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేదు కదా, మనకు ఓటెక్కడిది అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఇండియా కామన్వెల్త్ దేశం. యూకేలో ఉండే అనుమతి ఉన్న, 18 ఏళ్లు నిండిన భారత పౌరులు అక్కడ ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. స్టూడెంట్ వీసా అయినా, వర్క్ వీసా అయినా సరే. లోకల్ ఎన్నికల్లో ఓటు హక్కు ఉండి, ఆ ఏరియాలో నివాసం ఉంటే నైబర్‌హుడ్ ప్లాన్ రిఫరెండంలోనూ ఓటు ఉన్నట్టే. పోలింగ్ సెంటర్‌లో ఫొటో ఐడీ అడుగుతారు. ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది.

ఓటే కాదు, ఫోరంలో సభ్యత్వానికి కూడా పౌరసత్వం అడగరు. ఆ ఏరియాలో నివసించినా, అక్కడ పని చేస్తున్నా చేరొచ్చు. వ్యాపారులకు కూడా కొన్నిచోట్ల గొంతు ఉంది. సెంట్రల్ మిల్టన్ కీన్స్‌లో 2015 మే 7న నివాసితులకు ఒక ఓటింగ్, వ్యాపార సంస్థలకు ఇంకో ఓటింగ్ పెట్టారు. రెండింట్లోనూ ప్లాన్ గెలిచింది. దేశంలో అలాంటి బిజినెస్ నైబర్‌హుడ్ ప్లాన్ అదే మొదటిది.

అద్దె ఇళ్ల రూల్స్, షాపుల స్థలాలు, గుడికో కమ్యూనిటీ హాలుకో చోటు.. ఇవన్నీ భూమి వాడకంతో ముడిపడినవే. అద్దెకుండే యువత మీటింగులకు రాకపోతే, సొంత ఇల్లు ఉన్న పెద్దవాళ్ల ఆలోచనే ప్లాన్ అయిపోతుంది. కౌన్సిల్ సాయంలో ఇదీ ఒక భాగం కావాలి. నోటీసులు ఒక్క ఇంగ్లిష్‌లో, ఒక్క లైబ్రరీ బోర్డు మీద పెడితే సరిపోదు. ఎవరు రాలేదో చూసి, వాళ్ల దగ్గరికి వెళ్లాలి. దానికీ మనిషి కావాలి, జీతం కావాలి.

ముందు ముందు ఏం జరగబోతోంది?

ఇంకో మార్పు తలుపు తడుతోంది. జిల్లా కౌన్సిల్, దాని పైన కౌంటీ కౌన్సిల్ అనే రెండంచెల పద్ధతి తీసేసి ఒకే పెద్ద కౌన్సిల్ పెట్టాలని ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో ప్రతిపాదించింది. 2025 జూలైలో పార్లమెంటు ముందుకు తెచ్చిన బిల్లులో, కౌన్సిళ్లు పేట స్థాయి పాలనకు సరైన ఏర్పాట్లు చేయాలన్న నిబంధన కూడా ఉంది. సర్రేలో 11 జిల్లా కౌన్సిళ్లు, ఒక కౌంటీ కౌన్సిల్ పోయి రెండే మిగలబోతున్నాయి. 2027 ఏప్రిల్‌లో ఈ మార్పు అమల్లోకి వస్తుంది. సెక్షన్ 114 నోటీసు ఇచ్చిన వోకింగ్ కూడా అందులోనే కలుస్తుంది.

కౌన్సిల్ మారినా అమల్లో ఉన్న నైబర్‌హుడ్ ప్లాన్లు చెల్లుతాయి. అప్పర్ ఈడెన్‌కు ఈ అనుభవం ఇప్పటికే ఉంది. 2013లో అక్కడ దేశంలోనే మొదటి రిఫరెండం జరిపించిన ఈడెన్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఇప్పుడు లేదు. 2023 ఏప్రిల్ 1న అది వెస్ట్‌మోర్లాండ్ అండ్ ఫర్నెస్ అనే కొత్త కౌన్సిల్‌లో కలిసిపోయింది. ఇప్పుడు సగం రాసిన ప్లాన్‌తో సర్రేలో ఉన్న గ్రూపులు తమ కౌన్సిల్‌ను అడగాల్సినవి రెండు ఉన్నాయి. ఇళ్ల వాటా నంబర్ 2027 ఏప్రిల్ లోపు రాతపూర్వకంగా ఇస్తారా? ఆ తర్వాత తమ ఫైల్ ఎవరి టేబుల్ మీద ఉంటుంది?